సైదాపేట వంతెనకు మూడు వందల ఏళ్లు: కట్టడానికి ముప్పై వేల వరాహాలు, కాపాడడానికి పదిహేను వందలు

చెన్నైలో అడయారు నది మీద మొట్టమొదటి వంతెన 1726లో లేచింది. సైదాపేట నుంచి చిన్నమలై వైపు దాటే చోట, ఇప్పుడు మరైమలై అడిగళ్ వంతెన ఉన్న తావులోనే అది ఉండేది. ఆంగ్లేయుల కాలపు రికార్డుల్లో దాని పేరు మార్మలాంగ్ వంతెన. దాన్ని కట్టించింది ఈస్టిండియా కంపెనీ కాదు, ఆర్కాటు నవాబూ కాదు. కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియన్ వర్తకుడు తన సొంత డబ్బు 30,000 వరాహాలు వెచ్చించి కట్టించాడు. అంతటితో ఊరుకోకుండా, వంతెన బాగోగులు చూసుకోవడానికని మరో 1,500 వరాహాలు విడిగా కేటాయించాడు.

చెన్నై చరిత్ర రాసినవాళ్లంతా మొదటి అంకెను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆలోచించవలసింది రెండో అంకె గురించి. ఈ నగరంలో మూడు శతాబ్దాలుగా లేచిన, మారిన, కూలిన వంతెనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వంతెన కట్టడానికి డబ్బు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట దొరికింది. కట్టినదాన్ని, దాని కింద పారే నదిని కనిపెట్టుకుని ఉండడానికే దిక్కు లేకపోయింది.

వంతెనకు ముందు

1639లో దామర్ల వేంకటప్ప నాయకుడు సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక తిన్నెను కంపెనీకి ఇచ్చినప్పుడు, ఆంగ్లేయులు కోట కట్టుకున్నది కూవం నదికి ఉత్తరాన. దక్షిణాన మైలాపూరు, శాంథోమ్ అప్పటికే పాత ఊళ్లు. ఇంకా దక్షిణానికి వెళితే అడయారు అడ్డం వస్తుంది. ఆ నదికి అవతల చిన్నమలై, మరికొంత దూరాన పరంగిమలై అనే సెయింట్ థామస్ కొండ. ఏసుక్రీస్తు శిష్యుడు తోమా ఇక్కడే ప్రాణాలు విడిచాడన్న నమ్మకంతో క్రైస్తవులు ఈ రెండు చోట్లకూ యాత్ర చేసేవాళ్లు. పోర్చుగీసువాళ్లు పెద్ద కొండ మీద పదహారో శతాబ్దంలోనే చర్చి కట్టారు. ఇంకా దక్షిణానికి, చెంగల్పట్టు వైపు పోయే బాటసారులకు, ఎడ్లబండ్లకు కూడా ఇదే దారి.

అడయారు పెద్ద నది కాదు. నగరానికి పడమటి, నైరుతి దిక్కుల్లో ఉన్న చెరువుల అలుగుల నీటితో పుట్టి, సుమారు 42 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు పలచగానే ఉంటుంది. రేవులో దిగి నడిచి దాటవచ్చు, బండి దింపవచ్చు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక పరిస్థితి తారుమారవుతుంది. ఒక వాయుగుండం తీరాన్ని తాకితే చెరువులన్నీ ఒకేసారి నిండి అలుగు పారుతాయి. మోకాలి లోతు వాగు ఒక్క రాత్రిలో ఒడ్లు కోసే నదిగా మారుతుంది. బ్రతుకంతా వేసవిలో చూసిన నది వేరు, డిసెంబరులో చూసే నది వేరు. వంతెన కట్టేవాడు కొలత తీసుకోవలసింది రెండోదానికి.

ఉస్కాన్ పూర్వులు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పక్కన ఉన్న కొత్త జుల్ఫా ఆర్మీనియన్లు. ఆయన మనీలాతో వ్యాపారం చేసి బాగా గడించి మద్రాసులో స్థిరపడ్డాడు. భక్తి గల కేథలిక్. పరంగిమలై ఎక్కడానికి రాతిమెట్లు కట్టించిందీ ఆయనే. కొండకు మెట్లు, నదికి వంతెన రెండూ ఒకే దారిలో యాత్రికుడి కష్టాన్ని తగ్గించడానికి చేసిన పనులు. 1751లో మద్రాసులోనే కన్నుమూశాడు. సమాధి వేపేరిలో ఉంది.

వంతెన కథ చెప్పే శాసనశిల ఇప్పటికీ సైదాపేటలో మిగిలి ఉంది. అందులోని భాషలు మూడు: పారశీకం, ఆర్మీనియన్, లాటిన్. చుట్టుపక్కల నేల అంతా అప్పట్లో ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ ఏలుబడిలో ఉండేది కాబట్టి పాలకుల భాషగా పారశీకం, దాత మాతృభాషగా ఆర్మీనియన్, చర్చి భాషగా లాటిన్ చెక్కించారు. ఆ వంతెన మీద రోజూ నడిచిన తమిళులకు, తెలుగువాళ్లకు ఆ మూడింటిలో ఒక్కటీ రాదు. రాళ్లు మోసిన కూలీల పేర్లు గానీ, మేస్త్రీల పేర్లు గానీ దాని మీద లేవు. మన శాసనాల్లోనూ చాలాసార్లు ఇదే తీరు. దాత మిగులుతాడు, పనివాడు మాయమవుతాడు.

చెరువుకు ఉన్నది వంతెనకు లేదు

తెలుగువాళ్లు సప్తసంతానాలని ఏడింటిని లెక్కపెట్టారు: కొడుకు, చెరువు, గుడి, వనం, నిధి, కావ్యం, అగ్రహారం. మనిషి పోయాక కూడా పేరు నిలిపేవి ఇవి. ఈ వరసలో వంతెన లేదు. నదులను రేవుల్లో, పుట్టి అనే గుండ్రటి బుట్టపడవల్లో, మామూలు పడవల్లో దాటే అలవాటే వందల ఏళ్లు నడిచింది. మన నేల మీద నిలిచిన పాత వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండడానికి ఇదొక కారణం.

చెరువు సంగతి అలా కాదు. చెరువు కట్టించడంతో పాటు దాన్ని నిలబెట్టే ఏర్పాటు కూడా మనవాళ్లు అప్పుడే చేశారు. రాయలసీమలో దశబంధం ఇనాములు అలాంటివే. చెరువు తవ్వినవాడికి, మరమ్మతు చేసేవాడికి భూమి మీద హక్కో ఆదాయంలో వాటాయో ఇచ్చి, గట్టు తెగకుండా చూసే బాధ్యతను తరతరాలకు కట్టబెట్టేవాళ్లు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెబుతుంది. అంటే నీటి కట్టడం విషయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో రాతి మీద రాసిపెట్టుకున్న సంప్రదాయం ఇది.

ఉస్కాన్ పెట్టిన 1,500 వరాహాలు సరిగ్గా ఈ కోవలోకి వస్తాయి. అది కట్టడం ఖర్చులో ఇరవయ్యో వంతు. ఆ డబ్బును నూటికి ఆరు వడ్డీకి తిప్పారనుకుందాం. ఏడాదికి 90 వరాహాలు చేతికొస్తాయి. వర్షాకాలం పోయాక ఊడిన రాళ్లు సర్దడానికి, పగుళ్లలో సున్నం నింపడానికి, మొలిచిన మొక్కలు పీకించడానికి అది సరిపడే మొత్తమే. అసలు కరగదు, పని ఆగదు. వ్యాపారి బుర్రకు తట్టిన ఆలోచన ఇది. తాను పోయాక వంతెనను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆయన ముందే జవాబు ఏర్పాటు చేసిపెట్టాడు.

రాయి, సున్నం, నీరు

పాత వంతెన అనేక కమానులతో కట్టిన తాపీ వంతెన. సిమెంటు, ఇనుపచువ్వలు లేని కాలంలో నది మీద దారి వేయాలంటే కమాను తప్ప గతి లేదు. రాయికీ ఇటుకకూ ఒక గుణం ఉంది. నొక్కితే ఎంత బరువైనా మోస్తాయి, సాగదీస్తే విరిగిపోతాయి. రెండు స్తంభాల మీద రాతిపలకను అడ్డంగా పరిస్తే దాని అడుగుభాగం సాగుతుంది కాబట్టి కొద్ది దూరానికే పగిలిపోతుంది. అవే రాళ్లను విల్లులా వంచి పేర్చితే పైన పడిన బరువంతా ఒక రాయి నుంచి పక్క రాయికి నొక్కుడుగా మారి, చివరికి స్తంభంలోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. ముందు కర్రలతో వంపు ఆకారంలో సెంట్రింగ్ కడతారు. దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి నడినెత్తిన చివరి రాయి బిగిస్తారు. తడి ఆరి సున్నం పట్టాక కర్రలు తీసేస్తారు. ఆ నడినెత్తి రాయి పడేదాకా కమాను నిలవదు, పడ్డాక కదలదు.

రాళ్లను పట్టి ఉంచేది గానుగ సున్నం. మద్రాసు తీరంలో గుల్లలకు కొదవ లేదు. వాటిని బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి పొడి చేసి, ఇసుకతో కలిపి గానుగలో నూరేవాళ్లు. నేల మీద గుండ్రటి కాలువ తవ్వి, అందులో బరువైన రాతిచక్రాన్ని ఎద్దులతో తిప్పించేవాళ్లు. ముద్ద వెన్నలా మెత్తబడేదాకా తిప్పాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం కూడా దక్షిణాదిలో వాడుక. ఈ సున్నం సిమెంటులా గంటల్లో బిగుసుకోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలు, ఏళ్లు గట్టిపడుతూనే ఉంటుంది. అందులో ఒక మేలుంది. పునాది వెంట్రుకవాసి కుంగినా కట్టడం పగలకుండా సర్దుకుంటుంది. సన్నని బీటలు పడితే వాన నీటికి కరిగిన సున్నం మళ్లీ ఆ బీటల్లోనే పేరుకుని వాటిని పూడుస్తుంది. రెండు మూడు వందల ఏళ్ల కమాను వంతెనలు నిలిచి ఉండడానికి ఈ నెమ్మదైన సున్నానికీ పెద్ద పాత్ర ఉంది.

అయితే కమాను వంతెనకు ఒక చిక్కుంది. కమాను ఎంత వెడల్పైతే అంత ఎత్తు కావాలి. ఎత్తు పెంచితే రోడ్డు గూనిలా లేస్తుంది, ఎడ్లు బండి లాగలేవు. అందుకని చిన్న చిన్న కమానులు ఎక్కువగా పెట్టి, నదిలో లావాటి స్తంభాలు వరసగా దించేవాళ్లు. ఆ స్తంభాలు నీటికి అడ్డం. నది వెడల్పు వంద అడుగులనుకుంటే, స్తంభాలే ముప్పై అడుగులు ఆక్రమిస్తే, వరదంతా మిగిలిన డెబ్బై అడుగుల్లోంచే దూరి పోవాలి. అలా పోవాలంటే రెండు జరుగుతాయి. వంతెనకు ఎగువన నీరు ఎగదన్ని మట్టం పెరుగుతుంది. కమానుల కింద వేగం పెరిగి అడుగున ఇసుకను తోడుకుపోతుంది.

ఈ రెండో దానికి ఇంజనీర్లు ఎందుకంత భయపడతారో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రపంచంలో నదుల మీది వంతెనలు ఎక్కువగా కూలేది పైనున్న బరువుకు కాదు, అడుగున జరిగే ఈ కోతకు. వరద నీరు స్తంభం ముందరి ముఖానికి తగిలి కిందికి మళ్లుతుంది. పాదం దగ్గర సుడి తిరుగుతూ ఇసుకను తోడి స్తంభానికి అటూ ఇటూ విసిరేస్తుంది. గంటల్లోనే మనిషి ఎత్తు గుంట పడవచ్చు. పునాది అంతకంటే లోతుగా లేకపోతే స్తంభం ఒరుగుతుంది. చిత్రమేమిటంటే, వరద తీస్తున్నప్పుడు వేగం తగ్గి పై నుంచి కొట్టుకొచ్చిన ఇసుకే ఆ గుంటలో మేట వేస్తుంది. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూసిన అధికారికి పునాది చుట్టూ నేల చదునుగా, ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. కానీ ఆ ఇసుక వదులుగా ఉంటుంది. తర్వాతి వరదకు అది ముందే లేచిపోతుంది. వేసవిలో పొడి నదిని చూసి వంతెన భద్రంగా ఉందని రాసే తనిఖీ కాగితానికి విలువ లేకపోవడానికి కారణం ఇదే.

దారి పెద్ద రోడ్డయింది

ఉస్కాన్ వంతెన యాత్రికుల కోసం కట్టినా, అసలు ఉపయోగం తర్వాతి తరాలకు తెలిసింది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివాళ్లకూ నవాబు సేనకూ యుద్ధం జరిగింది అడయారు ఒడ్డునే. కొద్దిమంది ఫ్రెంచి సైనికులు నదిలో దిగి దాటి, తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన నవాబు సేనను చెల్లాచెదురు చేశారు. 1769లో హైదరాలీ తన గుర్రపు దళంతో పరంగిమలై దాకా వచ్చి ఆంగ్లేయులను సంధికి ఒప్పించాడు. తర్వాత ఆ కొండ చుట్టూ మద్రాసు ఫిరంగి దళం దండు వెలిసింది. కోట నుంచి దండుకు పోయే దారి మౌంట్ రోడ్డుగా రూపు దిద్దుకుంది. అదే ఇప్పటి అన్నా సాలై. ఆ రోడ్డు మొత్తానికి మెడలాంటిది సైదాపేట వంతెన.

మద్రాసు తెలుగువాళ్లకు ఈ చోటు కొత్త కాదు. సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల నుంచి తరాల తరబడి విద్యార్థులు వచ్చారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యాయ శిక్షణ పొందింది అక్కడే. తర్వాతి రోజుల్లో త్యాగరాయ నగర్, కోడంబాక్కం, వడపళని ప్రాంతాల్లో సినిమా పనుల మీద స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మీనంబాక్కం వెళ్లాలన్నా, గిండీ పారిశ్రామికవాడలో ఉద్యోగానికి వెళ్లాలన్నా ఈ వంతెన ఎక్కవలసిందే.

నదికి దిగువన, సముద్రానికి దగ్గరగా మరో వంతెన 1840 ప్రాంతంలో వచ్చింది. అప్పటి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ పేరు పెట్టారు. దాని పని 1973లో తిరు.వి.క. వంతెన అందుకుంది. కూవం మీద సముద్ర ముఖద్వారం దగ్గర 1869లో గవర్నరు నేపియర్ హయాంలో ఇనుప వంతెన వచ్చింది. ఉప్పుగాలికి ఇనుము ఎంత బాధపడుతుందో తీరప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. 1943లో దాన్ని కాంక్రీటు విల్లు కమానులతో మార్చారు. 2022లో చదరంగం ఒలింపియాడ్ సందర్భంగా దాని మీద నలుపు తెలుపు గళ్లు వేస్తే దేశమంతా ఫొటోలు తిరిగాయి. పండగకు రంగు వేయడం సంతోషమే. ఆ రంగు కింద కాంక్రీటు ఎలా ఉందన్న ప్రశ్నకు కూడా అంతే ప్రచారం దొరికి ఉంటే బాగుండేది.

కాంక్రీటు వచ్చింది

1960ల్లో సైదాపేట పాత కమాను వంతెనను తీసేసి, దాని చోట ఇప్పటి కాంక్రీటు వంతెన కట్టారు. సంస్కృత పదాలు లేని అచ్చ తమిళం కోసం సాగిన తనితమిళ ఉద్యమానికి ఆద్యుడైన మరైమలై అడిగళ్ పేరు పెట్టారు. రెండు శతాబ్దాలకు పైగా పనిచేసిన వంతెన కనుమరుగైంది. వారసత్వ కట్టడంగా పక్కన నిలిపి ఉంచి, కొత్తది వేరుగా కట్టి ఉండవలసిందని ఇవాళ అనిపిస్తుంది. ఆ రోజుల్లో లారీలు, బస్సులు పెరిగిపోయి ఎడ్లబండ్ల కాలపు వెడల్పు చాలక అలా నిర్ణయించారు. నది దృష్టితో చూస్తే మాత్రం ఆ మార్పులో ఒక మేలు జరిగింది. ఇనుపచువ్వలున్న కాంక్రీటు దూలం సాగుడును కూడా తట్టుకుంటుంది కాబట్టి స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం పెంచవచ్చు. నదిలో అడ్డాలు తగ్గుతాయి.

కాంక్రీటు వంతెనకు మరో రకం జబ్బులు. అవి పై నుంచి మొదలవుతాయి. ఎండకు శ్లాబు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ముక్కకూ ముక్కకూ మధ్య సందు వదిలి, అందులో రబ్బరు పట్టీ అమరుస్తారు. బండి ఆ సందు దాటేటప్పుడే చక్రాల కింద టప్ మని చప్పుడు వినిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు చిరిగి, సందులో ఇసుకా, గులకా నిండి గట్టిపడతాయి. ఇక శ్లాబు సాగడానికి చోటు ఉండదు. ఆ నెట్టుడు దూలాల చివర్లను పగలగొడుతుంది. రోడ్డు అంచున వాన నీరు కిందికి జారడానికి పెట్టిన గొట్టాలు చెత్తతో మూసుకుపోతే నీరంతా అదే సందులోంచి దిగి, దూలానికీ స్తంభానికీ మధ్య కదలికకు వీలిచ్చే దిమ్మల మీద, అంటే బేరింగుల మీద పడుతుంది. బేరింగు తుప్పుపట్టి బిగుసుకుంటే శ్లాబు కదలికంతా స్తంభం తల మీద పడుతుంది. స్తంభం మొదట్లో ఎక్కడో కాకి వేసిన రావి విత్తనం మొలుస్తుంది. దాని వేరు పగులును వెతుక్కుంటూ లోపలికి పోతుంది. వంతెన మీద బండి దిగి, పక్కన మెట్లు దిగి కింది నుంచి చూస్తే ఇవన్నీ ఎవరికైనా కనబడతాయి. దీనికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు.

తీరప్రాంతంలో దీనికి ఉప్పు తోడవుతుంది. గాలిలోనూ, ఆటుపోట్ల నీటిలోనూ ఉన్న ఉప్పు కాంక్రీటు సన్నరంధ్రాల్లోంచి చువ్వల దాకా చేరుతుంది. చువ్వ తుప్పుపడితే ఆ తుప్పు, అది తినేసిన ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి వచ్చే ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది. పెచ్చు ఊడాక ఉప్పునీరు నేరుగా చువ్వను తాకుతుంది, తుప్పు ఇంకా వేగంగా పెరుగుతుంది. తొలి పగులు కనబడినప్పుడే పట్టించుకుంటే ఖర్చు వేలల్లో పోతుంది. పెచ్చులూడేదాకా ఆగితే లక్షల్లో, దూలం వంగేదాకా ఆగితే కొత్త వంతెనే కావాలి.

పదేళ్లకే విరిగిన వంతెన

అడయారు సముద్రంలో కలిసే చోట చెన్నైవాళ్లంతా విరిగిన వంతెన అని పిలిచే కట్టడం ఒకటుంది. శ్రీనివాసపురం వైపు మత్స్యకారులు అవతల ఎలియట్స్ బీచి వైపు నడిచి వెళ్లడానికి 1967లో కట్టారు. 1977లో నీటి ఉరవడికి మధ్యభాగం కూలింది. మళ్లీ కట్టలేదు. ఈపక్క కొంత, ఆపక్క కొంత మిగిలింది. సినిమా షూటింగులకు, సాయంకాలం ఫొటోలకు మంచి చోటని పేరు వచ్చింది. మత్స్యకారులకు మాత్రం దారి పోయింది.

మార్మలాంగ్ వంతెన సున్నంతో కట్టినది, రెండు వందల ఏళ్లు దాటింది. ఇది ఇరవయ్యో శతాబ్దపు సిమెంటుతో కట్టినది, పదేళ్లు నిలిచింది. దీన్ని చూపి పాతవాళ్ల పనితనమే గొప్పదని అనేస్తే సరిపోదు. చోటు తేడా పెద్దది. నది ముఖద్వారంలో ఇసుకమేట ఏటా జరుగుతూ ఉంటుంది. వేసవిలో అలలు తెచ్చిన ఇసుక నోరు మూసేస్తుంది. వరదొస్తే నది ఆ మేటను ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంపుకుని సముద్రంలోకి దూకుతుంది. అలా తెగిన చోట లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. స్థిరమైన ఒడ్డు లేని చోట స్థిరమైన వంతెన కట్టాలంటే పునాది చాలా లోతుకు పోవాలి, ప్రతి వరద తర్వాతా అడుగు మట్టం కొలవాలి.

హైదరాబాదు అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. మూసీ మీద 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 22 కమానులతో కట్టిన పురానాపూల్ 1908 సెప్టెంబరు 28 నాటి వరదను తట్టుకుని నిలిచింది. దానికంటే ఎంతో తర్వాత కట్టిన అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని దారులు తెగాయి. ఆ విషాదం తర్వాత నిజాం ప్రభుత్వం వంతెనలు బాగు చేసి ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించింది. వంతెన భద్రత దాని స్తంభాల దగ్గరే తేలిపోదని, పది ఇరవై మైళ్ల ఎగువన నీటిని ఎలా పడుతున్నామన్న దాని మీద ఆధారపడుతుందని అప్పటి పాలకులు గుర్తించారు.

2015 డిసెంబరు

చెన్నై ఈ పాఠాన్ని 2015లో అతి ఖరీదుగా నేర్చుకుంది. డిసెంబరు 1 ఉదయం నుంచి మర్నాటి ఉదయం వరకు తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. అప్పటికే నవంబరు వానలకు చెరువులన్నీ నిండి ఉన్నాయి. 3,645 మిలియన్ ఘనపుటడుగుల సామర్థ్యమున్న చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. అంటే సెకనుకు ఎనిమిది లక్షల లీటర్లకు పైగా. దారిలో తాంబరం చుట్టుపక్కల చెరువుల అలుగు నీరు, కాలనీల వాన నీరు దానికి కలిశాయి. సైదాపేట దగ్గర నీరు వంతెనను తాకేదాకా లేచింది. రాకపోకలు ఆపేశారు. కోట్టూర్‌పురం దగ్గరా అంతే. దక్షిణ చెన్నై, ఉత్తర చెన్నై రెండు ఊళ్లయ్యాయి. నది పక్కనే ఉన్న విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. తమిళనాడులో వందల మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ తర్వాత తన నివేదికలో దీన్ని మానవ తప్పిదం వల్ల వచ్చిన విపత్తుగా తేల్చి, చెంబరంబాక్కం నీటి విడుదల తీరును తప్పుపట్టింది.

సైదాపేట వంతెన ఆ వరదకు కూలలేదు. అది కట్టినవాళ్ల గొప్పే. కానీ వంతెన నిలిచినా దారి తెగింది. నదీ గర్భంలో పూడిక, ఒడ్ల మీద ఆక్రమణలు, ముఖద్వారంలో ఇసుకమేట మూడూ కలిసి నది మోయగల నీటిని తగ్గించేశాయి. 1960ల్లో వంతెన ఎత్తు నిర్ణయించినప్పుడు లెక్కేసిన నది వేరు, 2015లో దాని కింద ఉన్న నది వేరు. చెన్నై విమానాశ్రయపు రెండో రన్‌వేను పొడిగించడానికి ఇదే అడయారు మీద వంతెన వేసి, దాని మీద విమానాలు దిగేలా చేశారు. ఇంజనీరింగులో అది అరుదైన పనే. అయితే ప్రతి కొత్త కట్టడమూ నదిలో కొంచెం చోటు తీసుకుంటుంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే కొంచెమే. మొత్తం కలిపి లెక్కేసే బాధ్యత ఏ ఒక్క శాఖ మీదా లేదు. రోడ్డు ఒక శాఖది, నీరు ఒక శాఖది, చెత్త నగరపాలక సంస్థది. వరదకు ఈ సరిహద్దులు తెలియవు.

1,500 వరాహాల లెక్క ఇవాళ

వంతెనల తనిఖీకి నియమాలు లేవని కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో మార్గదర్శకాలు రాసిపెట్టింది. వర్షాకాలానికి ముందు, తర్వాత చూడాలని, పునాది కోతను, బేరింగులను, సందులను విడివిడిగా నమోదు చేయాలని అందులో ఉంది. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీది బ్రిటిష్ కాలపు కమాను వంతెన వరదకు కొట్టుకుపోయి బస్సులు నదిలో పడ్డాయి. ఆ ఏడాదే కేంద్రం దేశంలోని వంతెనలన్నిటినీ లెక్కపెట్టి, ఒక్కోదానికీ ఆరోగ్య పత్రం లాంటిది తయారుచేసే వ్యవస్థ మొదలుపెట్టింది. అయినా 2025 జులై 9న గుజరాత్‌లో మహీసాగర్ మీది గంభీరా వంతెన ముక్క విరిగి వాహనాలు నదిలో పడ్డాయి. 1985లో మొదలైన వంతెన అది. నలభై ఏళ్లు వంతెనకు వయసే కాదు.

లోపం నియమాల్లో కంటే డబ్బు వచ్చే తీరులో ఉంది. కొత్త వంతెనకు శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, పేరు ఉంటుంది. పాత వంతెన బేరింగు మార్చినందుకు రిబ్బను కత్తిరించే వాళ్లు లేరు. అందుకే బడ్జెట్టు బిగుసుకున్న ఏడాది మొదట కోత పడేది నిర్వహణ ఖర్చుకే. ఉస్కాన్ చేసిన తెలివైన పని ఈ పోటీని లేకుండా చేయడం. కట్టిన రోజునే నిర్వహణ డబ్బును కట్టడం డబ్బు నుంచి విడదీసి పక్కన పెట్టాడు. ఇప్పుడూ అది సాధ్యమే. వంతెన అంచనా వ్యయంలోనే ఇరవయ్యో వంతును నిర్వహణ నిధిగా చేర్చి, బ్యాంకులో విడి ఖాతా తెరిచి, దాని వడ్డీని ఆ వంతెనకు తప్ప మరోదానికి వాడకూడదని షరతు పెట్టవచ్చు. నూరు కోట్ల వంతెనకు అయిదు కోట్లు. టెండరు కాగితంలో ఒక్క వరస ఎక్కువవుతుంది.

దానితో పాటు తనిఖీ ఫలితం జనానికి కనబడాలి. చివరిసారి పునాది మట్టం కొలిచిన తేదీ, బేరింగులు చూసిన తేదీ, 2015లో నీరు ఎక్కిన మట్టం, ఆ వంతెన బాధ్యత గల కార్యాలయం పేరు అన్నీ ఒక పలక మీద రాసి వంతెన మొదట్లో పెడితే చాలు. తమిళంలో ముందు, ఆ దారిన రోజూ నడిచే మిగతా వాళ్ల భాషల్లో కూడా. అడయారు మీద ఈ పని సెప్టెంబరు చివరికల్లా పూర్తికావాలి. అక్టోబరు రెండో వారం దాటాక ఈశాన్య రుతుపవనాలు ఏ రోజైనా రావచ్చు. స్తంభాల పాదాల దగ్గరికి మనిషి దిగి కొలత తీసుకునే వీలు ఆ తర్వాత జనవరి దాకా ఉండదు.